స్కోరు పుస్తకంలో లేని గడి

మలక్‌పేటలో పెరిగినవాడికి అంకెలు చదవటం ఎవరూ నేర్పనక్కర్లేదు. రేసుల రోజున ఏ ఇరానీ హోటల్లోనన్నా ఓ గంట కూచోండి. ఎదురు బల్ల దగ్గర ఒక పెద్దమనిషి సాసర్లో చాయ్ పోసుకుని, మడతలు పడ్డ రేసు పుస్తకం ముందర పెట్టుకుని, పెన్సిలుతో సున్నాలు చుడుతూ కనిపిస్తాడు. గుర్రం పేరు, జాకీ పేరు, మోసే బరువు, వెనకటి పందేల్లో ఎన్నో స్థానంలో వచ్చిందీ అంతా అందులో ఉంటుంది. రేసు కోర్సు 1886లో మన పేటకి వచ్చింది. అప్పటినుంచీ తాత నుంచి మనవడికి ఈ చదువు వస్తూనే ఉంది. "పోయినసారి నాలుగోది వచ్చిన మాట నిజమే, కాని అప్పుడు మోసిన బరువెంత, నేల ఎట్లుండె?" అని ఆ పెద్దమనిషి అడుగుతాడు. అంకెని నమ్ముతాడు, కాని అంకె వెనక ఏముందో కనుక్కోకుండా డబ్బు పెట్టడు.

అదే మన కాలేజీ కుర్రాడి చేతికి బాస్కెట్‌బాల్ మ్యాచి లెక్కల కాగితం ఇచ్చి చూడండి. "ఎవరెక్కువ కొట్టిండు?" అని ఒక్క గడి చూసి పక్కన పడేస్తాడు. ఈమధ్య హాస్టల్లో యూరప్ మ్యాచిలు చూడటం బాగా పెరిగింది. అక్కడ రాత్రి భోజనాల వేళకి మొదలయ్యే ఆట ఇక్కడ అర్ధరాత్రి దాటాక వస్తుంది. మ్యాచి అయిన నిమిషానికల్లా ఫోనులో ఇరవై గళ్ళ పట్టిక ప్రత్యక్షమవుతుంది. మర్నాడు మెస్సులో జరిగే వాదన మాత్రం ఆ ఒక్క పాయింట్ల గడి మీదే. ఈ వ్యాసం మిగతా గళ్ళ గురించి. వాటి మీద నాకు అంత పట్టుదల ఎందుకో ముందు చెప్పాలి.

నేను ఈ కాలేజీలో చదివిన రోజుల్లో జట్టులో చోటు దొరక్క స్కోరర్ బల్ల దగ్గర చేరాను. ఎత్తు లేదు, ఉరుకు లేదు, చేతిరాత మాత్రం బాగుండేది. మా జట్టులో సరూర్‌నగర్ నుంచి సైకిలు మీద వచ్చే ఎడమచేతి వాటం కుర్రాడు ఒకడుండేవాడు. షాటు వెయ్యమంటే సిగ్గుపడేవాడు. కాని ఎదుటి జట్టులో బాగా కొట్టేవాడిని వాడికి అప్పచెబితే చాలు, ఇక ఆ మనిషికి బంతే అందదు. ఆ ఏడు ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో అంతదూరం వెళ్ళామంటే సగం వాడి పుణ్యమే. తర్వాత పై జట్టుకి ఎంపిక జరిగింది. ఎంపిక చేసే పెద్దలు మ్యాచిలన్నీ చూడలేదు, చూడటం అయ్యే పని కూడా కాదు. నా స్కోరు పుస్తకం తెమ్మన్నారు, పేజీలు తిప్పారు. వాడి పేరుకెదురుగా ఒక మ్యాచిలో 4, ఒక మ్యాచిలో 2, ఇంకోదాంట్లో సున్న. మావాళ్ళు ఇద్దరు ఎంపికయ్యారు, వాడు కాలేదు. సాయంత్రం సైకిలు స్టాండు దగ్గర వాడు నన్ను ఒక్కటే అడిగాడు. "అన్నా, నేను చేసిందేమన్న రాసినవా నీ బుక్కుల?"

రాయలేదు. రాయటానికి ఆ పుస్తకంలో గడి లేదు. దానికితోడు నా తప్పు కూడా ఒకటుంది, అది తర్వాత చెబుతాను.

అధికారికమైన స్కోరు షీటు ఎట్లా ఉంటుందో బల్ల దగ్గర కూచోనివాళ్ళకి తెలియదు. అందులో 1, 2, 3 అని వరసగా అంకెలు అచ్చయి ఉంటాయి. ఆటలో బుట్ట పడితే ఆ అంకె మీద ఏటవాలుగా ఒక గీత, ఫ్రీ త్రో పడితే నల్లటి చుక్క. పక్కన వేసినవాడి నంబరు. మూడు పాయింట్ల షాటైతే ఆ నంబరు చుట్టూ సున్న. ఇక ఫౌళ్ళు, టైమ్ ఔట్లు. అంతే! ఈ షీటు పుట్టింది ఎవరు గెలిచారో, ఎవరు అయిదు ఫౌళ్ళతో బయటికి పోవాలో తేల్చటానికి. ఆటగాడి విలువ కట్టటం దాని పని కాదు. తప్పు షీటుది కాదు, ఆ పనికి దాన్ని వాడిన మనది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో నైస్మిత్ మాస్టారు పీచ్ పళ్ళ బుట్టలు కట్టి ఆడించిన మొదటి ఆట 1-0తో ముగిసిందంటారు. ఆనాటికి ఆ షీటు కూడా ఎక్కువే.

విలువ కట్టే కాగితం వేరు. దాన్ని వేరే మనుషులు వేరే బల్ల దగ్గర రాస్తారు. యూరప్‌లో పెద్ద క్లబ్బులన్నీ ఆడే యూరోలీగ్ పట్టికే తీసుకుందాం. మొదట ఆటగాడు మైదానంలో ఉన్న నిమిషాలు, తర్వాత పాయింట్లు. ఆపైన రెండు పాయింట్ల షాట్లు, మూడు పాయింట్ల షాట్లు, ఫ్రీ త్రోలు - ఎన్ని వేస్తే ఎన్ని పడ్డాయని. తర్వాత రిబౌండ్లు. మనవాడి షాటే తప్పినప్పుడు తిరిగి అందుకున్నవి వేరు, ఎదుటివాడు తప్పినప్పుడు అందుకున్నవి వేరు. మొదటి రకం కష్టం, ఎందుకంటే బుట్టకీ మనకీ మధ్య ఎదుటివాడు నిలబడి ఉంటాడు. ఆ తర్వాత అసిస్టులు, అంటే నేరుగా బుట్టకి దారితీసిన పాసులు. ఎదుటివాడి నుంచి లాక్కున్న బంతులు, మనం చేజార్చుకున్న బంతులు. అడ్డుకున్న షాట్లు, మనవి అడ్డుపడినవి. చేసిన ఫౌళ్ళు, మన మీద ఎదుటివాళ్ళు చేసిన ఫౌళ్ళు. ఈ చివరిదాన్ని మనవాళ్ళు లెక్కే చెయ్యరు. దెబ్బ తినటం కూడా ఒక విద్యే అని అక్కడివాళ్ళు ఒప్పుకున్నారు.

వీటిలో అసిస్టు దగ్గర తగాదాలొస్తాయి. పాసు అందుకున్నవాడు నాలుగుసార్లు బంతి కొట్టి, ఇద్దర్ని తప్పించుకుని వేస్తే ఆ పుణ్యం పాసుదా, వాడిదా? రాసేవాడే తేల్చాలి. అంతర్జాతీయ సమాఖ్య లెక్కలో ఇంకో మెలిక ఉంది. పాసు అందుకున్నవాడిని షాటు వేస్తుండగా ఫౌలు చేస్తే, ఆ ఫ్రీ త్రోల్లో ఒక్కటి పడినా పాసు ఇచ్చినవాడికి అసిస్టు దక్కుతుంది. అమెరికాలో ఎన్.బి.ఎ.వాళ్ళు దీన్ని ఒప్పుకోరు. కాబట్టి ఇక్కడి అసిస్టుల్నీ అక్కడి అసిస్టుల్నీ పక్కపక్కన పెట్టి వాదించుకునే మిత్రులు కాస్త ఆలోచించుకోవాలి.

ఇప్పుడు రెండు వరసలు చూద్దాం. ఇవి నేను కల్పించినవి, ఎవరివీ కావు. మొదటివాడు 20 పాయింట్లు కొట్టాడు. రెండు పాయింట్ల షాట్లు 14 వేస్తే 6, మూడు పాయింట్లవి 9 వేస్తే 2, ఫ్రీ త్రోలు 4 వేస్తే 2 పడ్డాయి. రిబౌండ్లు 3, అసిస్టు 1, లాక్కున్న బంతి 1, తన మీద జరిగిన ఫౌళ్ళు 3. చేజార్చినవి 5, అడ్డుపడిన షాట్లు 2, చేసిన ఫౌళ్ళు 4. రెండోవాడు కొట్టింది 6 పాయింట్లే. నాలుగు షాట్లకి మూడు పడ్డాయి. రిబౌండ్లు 9, అసిస్టులు 6, లాక్కున్నవి 3, ఎదుటివాళ్ళ షాటు అడ్డుకున్నది 1, తన మీద ఫౌళ్ళు 2. చేజార్చినవి 2, చేసిన ఫౌళ్ళు 3.

నోటీసు బోర్డు మీద ఎవరి పేరు ఎక్కుతుందో చెప్పక్కర్లేదు.

యూరప్‌వాళ్ళు వాడే సూచీ ఒకటుంది. స్పెయిన్ లీగులో 1990ల మొదట్లో వాడుకలోకి వచ్చింది, తర్వాత యూరోలీగూ తీసుకుంది. దానికి పెద్ద గణితం అక్కర్లేదు, కిరాణా కొట్టు పద్దు వచ్చినా చాలు. మంచి పనులన్నీ - పాయింట్లు, రిబౌండ్లు, అసిస్టులు, లాక్కున్నవి, అడ్డుకున్నవి, పొందిన ఫౌళ్ళు - ఒకవైపు కూడాలి. చెడ్డవన్నీ - తప్పిన షాట్లు, తప్పిన ఫ్రీ త్రోలు, చేజార్చినవి, అడ్డుపడినవి, చేసిన ఫౌళ్ళు - ఇంకోవైపు కూడి, తీసివెయ్యాలి. మన మొదటివాడికి మంచివి 20+3+1+1+3, మొత్తం 28. చెడ్డవి 15 తప్పిన షాట్లు, 2 ఫ్రీ త్రోలు, 5, 2, 4, మొత్తం ఇవీ 28. మిగిలింది సున్న! రెండోవాడికి మంచివి 27, చెడ్డవి 6, మిగిలింది 21. ఇరవై కొట్టినవాడు సున్న, ఆరు కొట్టినవాడు ఇరవై ఒకటి. ఈ సూచీలో యూరోలీగ్ చరిత్రలో పెద్ద అంకె 63. లిథువేనియా జట్టు జల్గిరిస్ తరఫున టనోకా బియర్డ్ 2004లో సాధించాడు.

అట్లాగని ఈ సూచీని దేవుడి గదిలో పెట్టి పూజ చెయ్యకండి. దీనికీ బొక్కలున్నాయి. ఒకడు మూడు పాయింట్ల షాట్లు నాలుగు వేసి ఒక్కటి వేశాడనుకోండి. 3 వచ్చాయి, తప్పినవి 3 పోయాయి, సూచీలో లాభం లేదు, నష్టం లేదు. కాని నిజంగా జరిగిందేమిటి? జట్టుకి బంతి దొరికిన నాలుగు దఫాలు వాడు ఖర్చుపెట్టి మూడు పాయింట్లు తెచ్చాడు. మంచి జట్టు నాలుగు దఫాల్లో అంతకంటే బాగా ఎక్కువ తెస్తుంది. అంటే పట్టికలో నష్టం కనపడకుండా ఆటలో నష్టం చెయ్యవచ్చన్నమాట. షాటు అడ్డుపడినప్పుడు అది తప్పిన షాటుగా ఒకసారి, అడ్డుపడినదిగా ఇంకోసారి, ఒకే పాపానికి రెండుసార్లు శిక్ష.

ఈ దఫాల లెక్క ఒక్కటి పట్టుబడితే చాలు, సగం ఆట అర్థమయినట్టే. ఒక జట్టుకి బంతి ఎన్ని దఫాలు దక్కిందో పట్టిక నుంచే అంచనా కట్టవచ్చు. వేసిన షాట్లలోంచి తిరిగి అందుకున్న రిబౌండ్లు తీసెయ్యాలి, చేజార్చినవి కలపాలి, వేసిన ఫ్రీ త్రోల్లో నూటికి 44 వంతు కలపాలి. ఫ్రీ త్రోలు ఎక్కువగా జంటగా వస్తాయి, కొన్ని బుట్ట పడ్డాక అదనంగా వస్తాయి గనక సగానికి కాస్త తక్కువ. 65 షాట్లు, తిరిగి అందుకున్నవి 10, చేజార్చినవి 14, ఫ్రీ త్రోలు 20 అయితే దాదాపు 78 దఫాలు. ఆ జట్టు 70 పాయింట్లు కొడితే దఫాకి 0.9. నింపాదిగా ఆడే జట్టునీ, పరుగులు పెట్టే జట్టునీ ఒకే తక్కెడలో తూచాలంటే ఇదే దారి. దీన్ని పుస్తకంగా వివరించి 2004లో ప్రచారంలోకి తెచ్చినవాడు డీన్ ఆలివర్.

ఇంతకీ అంకెలు ఎంత చెబుతాయో, ఎక్కడ నోరు మూసుకుంటాయో చూడాలంటే ఒక నిజమైన మ్యాచి కావాలి. 2012 మే 13న ఇస్తాంబుల్‌లో యూరోలీగ్ ఫైనల్ జరిగింది. గ్రీసు జట్టు ఒలింపియాకోస్, రష్యా జట్టు సి.ఎస్.కె.ఎ. మాస్కో. ఒలింపియాకోస్ 62-61తో గెలిచింది. ఆట చూడకుండా, క్వార్టర్ల వరస ఒక్కటి చదవండి. మాస్కో 10, 24, 19, 8. ఒలింపియాకోస్ 7, 13, 20, 22. సగం ఆట అయ్యేసరికి మాస్కో 34-20తో ముందుంది. మూడో క్వార్టర్లో 53-34, పంతొమ్మిది పాయింట్ల తేడా. ఆఖరి పది నిమిషాల్లో ఆ జట్టు కొట్టింది ఎనిమిది. రెండో క్వార్టర్లో 24 కొట్టినవాళ్ళకి ఆఖర్న 8 ఎందుకొచ్చాయి? వరస చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక చివరి పది క్షణాలు. మాస్కో 61-60తో ముందుంది. షిష్కౌస్కస్ ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడ్డాడు. లిథువేనియావాడు, 2008లో యూరోలీగ్ ఉత్తమ ఆటగాడు, చెయ్యి తిరిగినవాడు. రెండూ తప్పాయి. బంతి అందుకుని స్పనూలిస్ దూసుకొచ్చాడు. అందరూ అతనే వేస్తాడనుకుని మీద పడ్డారు. ఆయన ప్రింటెజిస్‌కి అందించాడు. ప్రింటెజిస్ వేసిన బంతి బుట్టలో పడేసరికి క్షణం కూడా మిగల్లేదు. ఫైనల్ ఫోర్ ఉత్తమ ఆటగాడు స్పనూలిస్. ఆ రాత్రి ఆయన పాయింట్లు 15, జట్టులో కుర్రవాడు పాపనికొలావ్‌వి 18.

పట్టికలో ఆ రెండు ఫ్రీ త్రోలూ ఎట్లా ఉంటాయి? తప్పినవి రెండు. ఆట మొదలైన మూడో నిమిషంలో తప్పినా అంతే, తొమ్మిది క్షణాలుండగా తప్పినా అంతే. స్పనూలిస్ పాసుకి దక్కేది ఎక్కువలో ఎక్కువ ఒక అసిస్టు. ప్రింటెజిస్ షాటు రెండు పాయింట్లు. పట్టికకి గడియారం తెలియదు.

ఎదురున్నది ఎవరో కూడా దానికి తెలియదు. యుగోస్లావియా ఆటగాడు ద్రాజెన్ పెత్రోవిచ్ 1985లో ఒకే లీగు మ్యాచిలో 112 పాయింట్లు కొట్టాడు. విన్నవాడు నోరు తెరుస్తాడు. ఆ రోజు ఎదుటి జట్టు, లుబ్లియానా ఒలింపియా, రిజిస్ట్రేషను చిక్కు వచ్చి పిల్లల జట్టుని దింపిందని తెలిస్తే తెరిచిన నోరు మూస్తాడు. అదే పెత్రోవిచ్ 1989లో ఏథెన్సులో యూరప్ కప్ విజేతల కప్పు ఫైనల్లో రియల్ మాడ్రిడ్‌కి 62 కొట్టాడు. అటువైపు ఇటలీ జట్టు కజెర్తాకి బ్రెజిల్ వీరుడు ఆస్కార్ ష్మిట్ 44 కొట్టాడు. అదనపు సమయం దాకా పోయి 117-113తో తేలిన ఆట అది. 112 కంటే ఈ 62 పెద్దదని నా అభిప్రాయం. రేసు పుస్తకం పెద్దమనిషైనా అదే అంటాడు.

అన్నిటికంటే నన్ను కదిలించింది బిల్ రస్సెల్ సంగతి. అమెరికాలో బోస్టన్ జట్టుకి 13 ఏళ్ళు ఆడి 11 సార్లు గెలిపించినవాడు. షాట్లు అడ్డుకోవటంలో అంతటివాడు లేడని చూసినవాళ్ళంతా చెబుతారు. ఎన్ని అడ్డుకున్నాడు? అధికారిక లెక్క లేదు. ఎన్.బి.ఎ.లో అడ్డుకున్న షాట్లు, లాక్కున్న బంతులు రాయటం మొదలైంది 1973-74లో. రస్సెల్ 1969లోనే ఆట మానేశాడు. అంతటివాడి ప్రధానమైన విద్యకే పుస్తకంలో గడి లేకపోతే మా సరూర్‌నగర్ కుర్రాడెంత!

గడులు పెరిగినా అన్నీ పట్టుబడవు. 2009లో మైకేల్ లూయిస్ అనే రచయిత హూస్టన్ జట్టులోని షేన్ బాటియర్ గురించి పెద్ద వ్యాసం రాశాడు. పాయింట్లు తక్కువ, రిబౌండ్లు తక్కువ, పట్టికలో చూస్తే మామూలు మనిషి. కాని అతను ఆడుతున్నంతసేపూ తన జట్టు బాగుపడుతుంది, ఎదుటి జట్టు పాడవుతుంది. దీన్ని పట్టుకునే లెక్క చాలా సులువు. ఆటగాడు లోపలున్న నిమిషాల్లో మనవాళ్ళు ఎన్ని కొట్టారు, వాళ్ళు ఎన్ని కొట్టారు, తేడా ఎంత? ఒక్క మ్యాచికి దీన్ని నమ్మకూడదు, పక్కన ఆడే నలుగురి పాపపుణ్యాలూ అందులో కలిసిపోతాయి. పదిహేను ఇరవై మ్యాచిలు పోగేస్తే మాత్రం ఏదో ఒక సంగతి బయటపడుతుంది. దీనికి కంప్యూటరు అక్కర్లేదు. ఆటగాడు లోపలికి వెళ్ళినప్పుడు స్కోరు, బయటికి వచ్చినప్పుడు స్కోరు, రెండు అంకెలు రాసుకుంటే సరి. ఆ రోజుల్లో నా స్కోరు పుస్తకం మార్జిన్లో బోలెడంత తెల్లకాగితం ఉండేది. నాకు తోచలేదు.

నా తప్పు చెబుతానన్నాను గదా. అప్పట్లో జట్టు నంబర్లు 4 నుంచి 15 దాకానే ఉండేవి. 1, 2, 3 ఉండేవి కావు, ఎందుకంటే రిఫరీ ఆ వేళ్ళు చూపించేది పాయింట్లకి. 2014 నుంచి ఆ కట్టుబాటు సడలింది. మా ఎడమచేతి వాటం కుర్రాడి నంబరు 14. చెమటకి బనీను ముడతపడి ఒకటి కనపడక, వాడు వేసిన ఒక బుట్ట నేను 4వ నంబరుకి రాశాను. మ్యాచి అయిపోయి సంతకాలు పడ్డాక తెలిసింది. మొత్తం స్కోరు సరిపోయింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, నేనూ నోరు మెదపలేదు. ఆ రెండు పాయింట్లతో వాడి ఎంపిక మారేదని కాదు. వాడు చేసినదాంట్లో రాయటానికి వీలున్న కాస్తా నేను సరిగ్గా రాయలేదు.

అందుకే ఇప్పుడు రాసేవాళ్ళకి నాలుగు జాగ్రత్తలు. ఒక్కడే చూసి రాయబోతే సగం ఆట పోతుంది. ఒకరు కళ్ళు తిప్పకుండా చూసి గట్టిగా చెప్పాలి: "పద్నాలుగు, రెండు, తప్పు. రిబౌండ్ ఏడు." ఇంకొకరు తల ఎత్తకుండా రాయాలి. ప్రతి క్వార్టరు అయ్యాక బల్ల దగ్గరి అసలు షీటుతో పాయింట్లు సరిచూడాలి, ఒక్కొక్కరివీ, మొత్తం ఒక్కటే కాదు. నలభై నిమిషాల ఆటలో జట్టు నిమిషాలన్నీ కూడితే 200 రావాలి. రాకపోతే ఎవరో లోపలికి వెళ్ళటం మీరు చూడలేదన్నమాట. వాళ్ళు లాక్కున్న బంతులు మనం చేజార్చినవాటికంటే ఎక్కువ ఉండకూడదు. అసిస్టు అవునా కాదా అని సందేహమొస్తే, సొంత జట్టువాడికి ఎట్లా రాస్తారో ఎదుటివాడికీ అట్లాగే రాయాలి. ఇది చెప్పినంత సులువు కాదు.

మూసీ దాటి చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండులో గాని, మన కోర్టులో గాని ఈ ఏడు మనవాళ్ళు ఆడే మ్యాచిలకి ఈ పట్టిక పెట్టాలని పి.డి. గారితో మాట్లాడాను. సరేనన్నారు. గళ్ళు గీసిన పెద్ద నోటు పుస్తకం ఒకటి వారి గదిలో ఉంచాను. ఆటగాడి పేరుకి పక్కనే లోపలికి, బయటికి అని రెండు గడులు ఎక్కువ గీశాను. రాసేవాడిని నేనున్నాను. గొంతు గట్టిగా ఉండి, ఉదయం ఆరింటికి లేవగలిగినవాళ్ళు ఒకరు కావాలి.